స్టెబిలైజర్‌తో నేర్చుకుంటే చేతికి తప్పుడు అలవాటు పడుతుందా?

ప్రశ్న: కొత్తరెక్క

ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానాలు ఎగరేయడం మొదలుపెట్టి నాకు రెండు నెలలు కావస్తోంది. నా దగ్గర ఉన్నది ఫోమ్‌తో చేసిన, రెక్క పైభాగాన ఉండే నాలుగు ఛానళ్ల శిక్షణ విమానం. దాని రిసీవర్‌లోనే స్టెబిలైజర్ ఉంది, ట్రాన్స్‌మిటర్ మీద ఉన్న మూడు స్థానాల స్విచ్‌తో దాని పనితీరును మార్చుకోవచ్చు. మొదటి స్థానంలో స్టిక్ వదిలేస్తే విమానం తనంతట తానే మట్టానికి వస్తుంది, స్టిక్‌ను ఎంత నెట్టినా ఒక హద్దు దాటి వాలదు. రెండో స్థానంలో గాలి కుదుపులను తగ్గించడం వరకే చేస్తుంది. మూడో స్థానంలో స్టెబిలైజర్ పూర్తిగా ఆగిపోతుంది.

ఇప్పటివరకు సుమారు 40 సార్లు ఎగరేశాను, అన్నీ మొదటి స్థానంలోనే. లేపడం, చదరంగా ఒక చుట్టు తిప్పి తీసుకురావడం, దించడం అన్నీ బాగానే వస్తున్నాయని అనుకున్నాను. క్రిందటి వారం స్విచ్ మూడో స్థానంలో ఉన్న సంగతి చూసుకోకుండా పైకి లేపాను. నేరుగా వెళ్తున్నంతసేపు తేడా ఏమీ తెలియలేదు. కుడివైపు మలుపు తీసుకోవడానికి అలవాటు ప్రకారం ఐలెరాన్ (విమానాన్ని పక్కకు వాల్చే, రెక్క వెనుక అంచున ఉండే పలక) స్టిక్‌ను కుడికి నెట్టి, మలుపు పూర్తయ్యేదాకా అలాగే పట్టుకుని ఉన్నాను. విమానం వాలింది, ఇంకా వాలింది, రెక్కలు నిట్టనిలువుగా నిలబడ్డాయి, ఆపైన ముక్కు దించి సుడి తిరుగుతూ కిందికి వచ్చింది. వెంటనే స్టిక్ వదిలేశాను. వదిలేస్తే సర్దుకుంటుందనే నా చేతికి తెలుసు. అది సర్దుకోలేదు. ముక్కు విరిగింది, మోటారు బిగించే భాగం ఊడివచ్చింది.

విమానం బాగుచేసుకున్నాను, కానీ మనసులో సందేహం మిగిలిపోయింది. స్టెబిలైజర్ వల్ల నేను నిజంగా ఎగరేయడం నేర్చుకున్నానా, లేక అది ఎగరేస్తుంటే పక్కన నిలబడి చూశానా? తెలిసినవారిలో ఒకరు దాన్ని పూర్తిగా తీసేయమంటున్నారు, ఇంకొకరు అది లేకుండా నేర్చుకోవడం అనవసరమైన కష్టమంటున్నారు. దాన్ని ఎప్పుడు, ఎంతవరకు వాడాలో, ఏ క్రమంలో మానుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: తూనీగ

కొత్తరెక్క గారూ, విమానం ఎందుకు పడిందో మీ వర్ణనలోనే ఉంది: మలుపు పూర్తయ్యేదాకా ఐలెరాన్‌ను పట్టుకుని ఉన్నారు. అందులో మీ అశ్రద్ధ ఏమీ లేదు, మొదటి స్థానం 40 సార్లు మీ చేతికి నేర్పిన పాఠం అదే.

స్టెబిలైజర్ అన్న ఒక్క మాట కింద రెండు వేరు వేరు పనులు నడుస్తున్నాయి, వాటిని విడదీసి చూస్తే తప్ప ఈ చర్చ తెగదు. మీ రెండో స్థానంలో పనిచేసేది జైరో. విమానం ఒక్కో అక్షం చుట్టూ సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరుగుతోందో అది కొలుస్తుంది. మీరు అడగని తిరుగుడు కనిపిస్తే దానికి ఎదురుగా సర్వోను (ఆ పలకలను తిప్పే చిన్న మోటారును) కొద్దిగా కదిలించి ఆపుతుంది. ఆకాశం ఎటు ఉందో, నేల ఎటు ఉందో దానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. విమానం తలకిందులుగా ఎగురుతున్నా అది అదే పని చేస్తుంది. మీ మొదటి స్థానంలో జైరోకు తోడుగా యాక్సిలరోమీటర్ కూడా పనిచేస్తుంది. భూమి లాగుడు ఎటువైపు ఉందో దాని ద్వారా అంచనా వేసుకుని, రెక్కలు మట్టంగా ఉన్నాయో లేదో లెక్కగట్టి, విమానాన్ని మట్టానికి తెస్తుంది. స్పెక్ట్రమ్ అనే తయారీదారు పరికరాల్లో ఏఎస్3ఎక్స్ అన్నది జైరో ఒక్కటే చేసే పని, సేఫ్ అన్నది మట్టానికి తెచ్చే పని. ఐనావ్ అనే విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ వాడేవారు యాంగిల్ మోడ్ అనేది కూడా ఈ మట్టానికి తెచ్చే రకమే.

ఈ రెండిటి మధ్య తేడా సహాయం ఎక్కువా తక్కువా అన్న దగ్గర ఆగిపోదు. స్టిక్ అర్థమే మారిపోతుంది. మామూలు విమానంలో ఐలెరాన్ స్టిక్ దొర్లే వేగాన్ని అడుగుతుంది: నెట్టి ఉంచినంతసేపు విమానం దొర్లుతూనే ఉంటుంది, మధ్యకు తెస్తే దొర్లడం ఆగి, ఉన్న వాలులోనే ఉండిపోతుంది. తానే మట్టానికి వచ్చే స్థానంలో అదే స్టిక్ వాలు కోణాన్ని అడుగుతుంది: సగం నెడితే సగం వాలు, వదిలేస్తే మట్టం. అందువల్ల మలుపంతా స్టిక్‌ను పట్టుకునే ఉండాలి. ఒకే వేలు, ఒకే స్టిక్, కానీ రెండు భాషలు. ఒక భాషలో 40 సార్లు మాట్లాడిన చేతిని హఠాత్తుగా రెండో భాషలోకి దింపితే మీకు జరిగినదే జరుగుతుంది. రెండో స్థానం వల్ల మాత్రం ఈ చిక్కు రాదు, ఎందుకంటే జైరో ఒక్కటే పనిచేసేటప్పుడు స్టిక్ అర్థం మారదు.

సహాయం లేని విమానాన్ని మలుపు తిప్పే పద్ధతి ఇది. కుడికి ఐలెరాన్ ఇచ్చి, కావలసినంత వాలు రాగానే స్టిక్‌ను మధ్యకు తేవాలి. ఆ వాలులో ఎత్తు తగ్గకుండా ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను) కొద్దిగా లాగి పట్టుకోవాలి. అనుకున్న దిశ రావడానికి కాస్త ముందే ఎలివేటర్‌ను వదులుతూ, ఎడమకు ఐలెరాన్ ఇచ్చి రెక్కలను మట్టం చేసి, మట్టం కాగానే మళ్లీ మధ్యకు తేవాలి. ఎలివేటర్ ఎంత లాగాలన్నది వాలును బట్టి ఉంటుంది. ఎత్తు నిలిపి తిప్పే మలుపులో 30 డిగ్రీల వాలుకు రెక్క మోయవలసిన భారం సుమారు 15 శాతం పెరుగుతుంది, 45 డిగ్రీలకు సుమారు 41 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకు రెట్టింపు అవుతుంది. మొదట్లో 30 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే చాలు.

ఇక మీరు పడిన సుడి గురించి. అందులోంచి బయటికి రావడానికి వరుస ముఖ్యం. ముందు థ్రాటిల్ (మోటారు శక్తి) తగ్గించాలి, తర్వాత ఐలెరాన్‌తో రెక్కలను మట్టం చేయాలి, ఆ తర్వాతే ఎలివేటర్‌ను మెత్తగా లాగాలి. భయంతో ముందుగా ఎలివేటర్‌ను లాగితే, రెక్కలు నిలువుగా ఉన్నాయి కాబట్టి ముక్కు పైకి లేవదు, సుడి మరింత బిగుసుకుంటుంది. మీ విమానం రెక్కల కొసలు పైకి వంగి ఉంటే అది కొద్దిపాటి వాలు నుంచి నెమ్మదిగా తానే తేరుకుంటుంది, కానీ వేగం అందుకున్న సుడి నుంచి బయటపడేంత శక్తి ఆ వంపుకు ఉండదు.

నా సలహా: ఇకనుంచి రెండో స్థానంలో నేర్చుకోండి, మొదటి స్థానాన్ని ప్రాణరక్షణకు మాత్రం ఉంచుకోండి. చెట్ల ఎత్తుకు రెండింతలు, మూడింతలు పైకి తీసుకెళ్లి అక్కడ స్విచ్ మార్చండి. మొదటిరోజు మలుపుల జోలికి పోవద్దు. గాలికి ఎదురుగా నేరుగా వెళ్తూ, 15 డిగ్రీలంత వాల్చి స్టిక్‌ను మధ్యకు తెచ్చి, ఆ వాలు అలాగే నిలిచి ఉండటాన్ని కళ్లారా చూడండి. తర్వాత ఎదురు ఐలెరాన్‌తో మట్టం చేయండి. ఈ ఒక్క పనిని పదిసార్లు చేస్తే మీ చేతికి ఉన్న పాత అలవాటు కదలడం మొదలవుతుంది. గాభరా పడిన క్షణంలో వెతుక్కోకుండా వేలు నేరుగా ఆ రక్షణ స్విచ్ మీదికి వెళ్లేలా, నేల మీద విమానం లేకుండానే సాధన చేయండి.

జవాబు: గాలిపటం

తూనీగ గారు స్టిక్ అర్థం గురించి చెప్పినదంతా సరైనదే. కానీ మొదటి స్థానాన్ని రక్షణకు మాత్రం పరిమితం చేయాలన్న మాటతో, ముఖ్యంగా పక్కన గురువు లేకుండా ఒంటరిగా నేర్చుకునేవారి విషయంలో, నేను ఏకీభవించలేకపోతున్నాను.

ఎగరేయడం అంటే మలుపులో ఐలెరాన్ ఎప్పుడు వదలాలన్నది ఒక్కటే కాదు. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఇది అన్నిటికన్నా ఎక్కువ విమానాలను నేలకూల్చే చిక్కు అని నా గట్టి నమ్మకం. ఎదురుగా వచ్చే విమానంలో ఏ రెక్క కిందికి వాలి ఉందో చూసి, స్టిక్‌ను ఆ రెక్క ఉన్న వైపుకే నెడితే ఆ రెక్క లేస్తుంది. ఈ చిట్కా వినడానికి తేలికే గానీ ఆలోచించకుండా చేతికి రావడానికి చాలాకాలం పడుతుంది. దీనికి తోడు గాలి విమానాన్ని ఎటు తోసుకుపోతోందో గమనించాలి, దూరం పెరిగినకొద్దీ ఆకారం నల్లని నీడలా మారి దిశ తెలియకపోవడానికి అలవాటుపడాలి, దించేటప్పుడు థ్రాటిల్‌తో దిగే వాలును సరిచూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కదాన్నీ స్టెబిలైజర్ మన బదులు చేయదు. మొదటి స్థానంలో ఎగరేసినా ఇవన్నీ మనమే నేర్చుకోవాలి, నేర్చుకునేంతసేపు విమానం గాలిలో నిలిచి ఉండాలి.

నేను మొదలుపెట్టింది ఏ సహాయమూ లేని మూడు ఛానళ్ల విమానంతో. మొదటి పది ప్రయత్నాల్లో అన్నీ కలిపి గాలిలో ఉన్నది కొన్ని నిమిషాలే, మిగిలిన సమయమంతా జిగురు ఆరడం కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోయింది. ప్రతిసారీ ఒకేసారి అయిదారు విషయాలు మీదపడటం వల్ల, ఏ తప్పు వల్ల పడిందో కూడా తెలిసేది కాదు. తెలియని తప్పు నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. మీరు 40 సార్లు ఎగరేసి, 40 సార్లు దించారు, కొత్తరెక్క గారూ. మీ కంటికి ఆ మేరకు చదువు వచ్చింది. దాన్ని తక్కువగా చూడకండి.

అయితే 40 ఎక్కువైందని ఒప్పుకుంటాను. ఎదురుగా వచ్చే విమానాన్ని తడబడకుండా తిప్పగలిగి, అనుకున్న చోటికి కాస్త అటూ ఇటూగా దించగలిగిన రోజునే రెండో స్థానానికి మారి ఉండవలసింది. ఆలోగా చేతికి తప్పుడు అలవాటు పడకుండా ఒక మార్గం ఉంది: కంటి చదువును మైదానంలోనూ, చేతి చదువును సిమ్యులేటర్‌లోనూ వేరు చేయడం. రియల్‌ఫ్లైట్ వంటి సిమ్యులేటర్‌లో మీ విమానాన్ని పోలిన శిక్షణ విమానాన్ని ఎంచుకుని, స్టెబిలైజర్ లేకుండా, వీలైతే మీ సొంత ట్రాన్స్‌మిటర్‌నే కంప్యూటర్‌కు కలిపి రోజూ పావుగంట తిప్పండి. ఐలెరాన్ ఇచ్చి మధ్యకు తేవడం అక్కడ ఎన్ని వందలసార్లు తప్పినా విరిగేది ఏమీ లేదు.

వీటన్నిటినీ మించినది ఒకటుంది. రెండు ట్రాన్స్‌మిటర్లను జతచేసి, ఒక స్విచ్‌తో గురువు పట్టును తీసుకునే, వదిలే పద్ధతి. మీకు దగ్గరలో అనుభవం ఉన్నవారు ఎవరైనా దొరికితే నేను పైన రాసిన వాదన అంతటినీ పక్కనపెట్టి, స్టెబిలైజర్ పూర్తిగా ఆపేసి వారి వద్ద నేర్చుకోండి. ఏ యంత్రమూ చెప్పలేని ఒక మాట వారు చెప్పగలరు: ఇప్పుడు నువ్వు చేసిన తప్పు ఇది.

సహాయం తీసుకుంటే అది నిజమైన ఎగరవేత కాదనే వారి మాటను మనసుకు పట్టించుకోకండి. మనుషులు ఎక్కే విమానాలకే ఈ ఆలోచన 1914 నాటిది. ఆ ఏడాది జూన్‌లో పారిస్ దగ్గర సెయిన్ నది మీద లారెన్స్ స్పెర్రీ జైరో స్టెబిలైజర్ బిగించిన కర్టిస్ విమానాన్ని నడుపుతూ, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. సహాయకుడు రెక్క మీదికి నడిచి వెళ్లినా విమానం మట్టంగానే సాగింది. విమానం అదుపు అంటే ఏమిటో తెలిసినవాడే ఆ పరికరాన్ని నమ్మి చేతులు వదలగలిగాడు.

జవాబు: తోకచుక్క

ఎప్పుడు వాడాలన్నది పైన ఇద్దరూ చక్కగా చెప్పారు. దాన్ని సరిగా అమర్చుకోవడం గురించి నేను రాస్తాను, ఎందుకంటే విరిగిన విమానాన్ని ఇప్పుడే అతికించారు, సర్వోలనూ రిసీవర్‌నూ కదిలించే ఉంటారు. తప్పుగా అమర్చిన స్టెబిలైజర్ కన్నా అసలు లేకపోవడమే మేలు.

అన్నిటికన్నా ముందు చూడవలసినది అది దిద్దే దిశ. స్టిక్ కదిపితే ఐలెరాన్ సరైన వైపు కదలడం ఒక పరీక్ష, స్టెబిలైజర్ తనంతట తాను సరైన వైపు కదిలించడం వేరే పరీక్ష. మొదటిది సరిగా ఉండి రెండోది తలకిందులుగా ఉండటం సాధ్యమే. అలా ఉన్నప్పుడు, రెక్క కొద్దిగా వాలగానే స్టెబిలైజర్ దాన్ని ఇంకా వాల్చుతుంది, అది చూసి మరింత వాల్చుతుంది, నేల వదిలిన రెండు మూడు సెకన్లలోనే విమానం తిరగబడుతుంది. ఏ అనుభవజ్ఞుడూ చేతితో దాన్ని అదుపు చేయలేడు. చిన్న మరమ్మతు చేశాక ఈ పరీక్ష మానేసి, నాకు ఎంతో ఇష్టమైన విమానాన్ని నేను ఇలాగే పోగొట్టుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి ఎగరవేతకు ముందు ఈ పరీక్ష చేస్తాను.

గుర్తుపెట్టుకోవడానికి సూత్రం ఒక్కటే: విమానం ఏ కొసను మీరు ఎటు కదిపితే, ఆ కొసన ఉన్న కదిలే భాగం కూడా అటే కదలాలి. ముందుగా ప్రొపెల్లర్ తీసేయండి, లేదా థ్రాటిల్‌ను లాక్ చేయండి. విమానాన్ని చేతిలో పట్టుకుని కుడి రెక్కను గబుక్కున పైకి లేపితే కుడి ఐలెరాన్ పైకి లేవాలి. తోకను కిందికి దించితే ఎలివేటర్ కిందికి వంగాలి. తోకను కుడివైపుకు ఊపితే రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడివైపుకు తిరగాలి. రెండో స్థానంలో కదలిక ఉన్నంతసేపే సర్వో స్పందించి, ఆగగానే మధ్యకు వచ్చేస్తుంది, కాబట్టి నెమ్మదిగా వంచితే ఏమీ కనిపించకపోవచ్చు. మొదటి స్థానంలో వంచి ఉంచినంతసేపూ ఐలెరాన్, ఎలివేటర్ అలాగే నిలిచి ఉంటాయి. రెండు స్థానాల్లోనూ విడివిడిగా చూడండి.

బ్యాటరీ తగిలించిన తర్వాత రిసీవర్ సిద్ధమైనట్టు సూచించేదాకా విమానాన్ని కదపవద్దు. ఆ కొద్ది సెకన్లలోనే జైరో తన సున్నాను నిర్ణయించుకుంటుంది. చేతిలో పట్టుకుని ఉండగానో, గాలికి రెక్కలు ఊగుతుండగానో అది సున్నా తీసుకుంటే, ఎగిరినంతసేపూ ఒకవైపుకు లాగుతూ ఉంటుంది. మట్టం నిర్ణయించడం వేరే పని, దాన్ని ఒకసారి చేస్తే చాలు. విమానం సాఫీగా ఎగిరేటప్పుడు ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో ఆ కోణంలోనే నిలబెట్టి చేయాలి. విరిగిన ముక్కు అతికించేటప్పుడు రిసీవర్ పలకం కొద్దిగా వంకరపడినా మీ మొదటి స్థానంలోని మట్టం మారిపోయి ఉంటుంది, మళ్లీ నిర్ణయించండి. రిసీవర్‌ను గురుత్వ కేంద్రానికి దగ్గరగా, రెండువైపులా అంటుకునే స్పాంజి టేపుతో బిగించండి. వంగిన ప్రొపెల్లర్‌ను మార్చేయండి, మోటారు అదురు సెన్సర్‌కు చేరితే దాని లెక్కలన్నీ చెదిరిపోతాయి.

గెయిన్ అంటే తిరుగుడును అది ఎంత గట్టిగా ఎదుర్కోవాలన్న కొలత. ఎక్కువైతే విమానం రెక్కలనో తోకనో గబగబా ఊపుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బాగున్న గెయిన్, పూర్తి థ్రాటిల్‌లో ఊపు తెప్పించవచ్చు, ఎందుకంటే ఐలెరాన్‌కు, ఎలివేటర్‌కు ఉండే పట్టు గాలి వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే అంతే కదలిక నాలుగింతల బలం చూపుతుంది. గాలిలో ఊపు కనిపిస్తే కంగారుపడకుండా థ్రాటిల్ తగ్గించండి, దించాక గెయిన్ తగ్గించండి. ఇంతకన్నా ముందు సర్వో కడ్డీల్లో వదులు ఉందేమో చూడండి. వదులుగా ఉన్న కడ్డీ వల్ల వచ్చే ఊపును గెయిన్ తగ్గించి దాచుకునేవారు చాలామంది ఉన్నారు.

దాచుకోవడం అన్నాను కాబట్టి ఇంకో మాట. తోక బరువైన విమానాన్ని కూడా స్టెబిలైజర్ కొంతవరకు మోసుకెళ్తుంది. ట్రిమ్ (స్టిక్ వదిలినా విమానం నేరుగా సాగేలా చేసే సర్దుబాటు) తప్పిన సంగతిని కూడా కప్పేస్తుంది. గురుత్వ కేంద్రాన్ని తయారీదారు చెప్పిన చోట, బ్యాటరీ పెట్టి, వేళ్ల మీద నిలిపి చూసుకోండి. మీకు మూడో స్థానం ఉండటం అదృష్టం: తగినంత ఎత్తులో, అనుభవం ఉన్నవారి చేత ఒకసారి స్టెబిలైజర్ ఆపించి ట్రిమ్ సరిచేయించుకోండి. అలా సరిచేసిన విమానంలో స్టెబిలైజర్‌కు పని చాలా తక్కువగా ఉంటుంది, ఉండవలసిందీ అంతే.

తోకచక్రం ఉన్న విమానానికి ఎప్పుడైనా మారితే, నేల మీద మొదటి స్థానంలో పరుగు తీయించవద్దు. తోక నేలకు ఆని ఉన్నందువల్ల ముక్కు పైకి లేచి ఉంటుంది. స్టెబిలైజర్ దాన్ని తప్పుగా భావించి ఎలివేటర్‌ను కిందికి వంచి తోకను లేపేస్తుంది, విమానం ముక్కు మీద బోర్లాపడుతుంది.

తిరిగి రాసినవారు: కొత్తరెక్క

ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. తోకచుక్క గారు చెప్పిన పరీక్ష చేసినప్పుడు రడ్డర్ తప్పుడు వైపు దిద్దుతున్నట్టు బయటపడింది. మరమ్మతు సమయంలో నేను రడ్డర్ కడ్డీని సర్వో చేతికి అవతలివైపు తగిలించి, కదలిక తలకిందులైతే ట్రాన్స్‌మిటర్‌లో దిశ మార్చి సరిపెట్టుకున్నాను. స్టిక్‌కు అది సరిపోయింది గానీ స్టెబిలైజర్‌కు ఆ మార్పు తెలియలేదు. ఈ చర్చ లేకపోతే విమానం మళ్లీ విరిగి ఉండేది.

సరిచేసుకున్నాక మూడు వారాలుగా సిమ్యులేటర్‌లో రోజూ సాధన చేస్తూ, మైదానంలో రెండో స్థానంలో ఎగరేస్తున్నాను. మొదటి రెండు రోజులు చేయి పాత అలవాటుకే పోయేది, ఎత్తులో ఉన్నందువల్ల రక్షణ స్విచ్ రెండుసార్లు కాపాడింది. ఇప్పుడు ఎనిమిది అంకె ఆకారంలో, ఎత్తు పెద్దగా మారకుండా తిప్పగలుగుతున్నాను. విమానం ఎటు వాల్చితే అటే నిలిచి ఉండటం మొదట భయపెట్టినా, ఇప్పుడు అదే ఎంతో హాయిగా అనిపిస్తోంది.

ఒక్క సందేహం మిగిలింది. నిన్న దించేటప్పుడు నేలకు రెండు మీటర్ల ఎత్తులో వేగం బాగా తగ్గింది. ఎడమ రెక్క హఠాత్తుగా కిందికి పడిపోయింది. స్టెబిలైజర్ పనిచేస్తూనే ఉంది, అయినా ఆపలేకపోయింది. గడ్డి మీద కాబట్టి దెబ్బ తగలలేదు. ఇక్కడ మొదటి స్థానంలో ఉండి ఉంటే ఆగేదా?

జవాబు: తూనీగ

ఆగేది కాదు. బహుశా ఇంకా గట్టిగా పడేది. మీరు చూసినది స్టాల్, ఏ స్టెబిలైజర్‌కైనా అక్కడితో హద్దు వస్తుంది.

రెక్క మీద గాలి అంటిపెట్టుకుని పారినంతసేపే ఐలెరాన్ మాట చెల్లుతుంది. వేగం తగ్గినకొద్దీ ఎత్తు నిలపడానికి మనం ముక్కు లేపుతాం, రెక్క గాలికి మరింత నిటారుగా నిలుస్తుంది, ఒక కోణం దాటగానే గాలి రెక్కను వదిలేస్తుంది. ముందుగా ఏ రెక్కను వదిలితే అది పడుతుంది. అప్పుడు స్టెబిలైజర్ తనకు తెలిసిన ఒకే పని చేస్తుంది: పడుతున్న రెక్కను లేపడానికి ఆ వైపు ఐలెరాన్‌ను కిందికి వంచుతుంది. దానివల్ల ఆ రెక్క కొస దగ్గర గాలికి తగిలే కోణం ఇంకా పెరిగి, అసలే చచ్చిన రెక్క పూర్తిగా చచ్చిపోతుంది. మొదటి స్థానంలో మీరు ఎలివేటర్‌ను పూర్తిగా లాగి ఉంచితే, అది ముక్కును తన హద్దు వరకు ఎత్తి పట్టుకుని, థ్రాటిల్ లేకపోయినా అలాగే ఉంచుతుంది. మట్టంగా ఉండటం, వేగంగా ఉండటం రెండూ ఒకటి కావు. మన విమానాల్లోని చాలా స్టెబిలైజర్లకు గాలి వేగం కొలిచే సాధనమే లేదు.

స్టెబిలైజర్ ఇక్కడ చేసే ఇంకో అపకారం ఉంది. సహాయం లేని విమానం స్టాల్ దగ్గరికి వస్తున్నప్పుడు రెక్కలు కొద్దిగా తూలడం, స్టిక్ మెత్తబడటం వంటి సంకేతాలు ఇస్తుంది. జైరో ఆ తూలుడును చివరి క్షణం దాకా దిద్దుతూ దాచిపెడుతుంది. మీకు హఠాత్తుగా పడిపోయినట్టు అనిపించడానికి కారణం అదే. ఇక్కడ నేను ముందు చెప్పిన దానికి ఒక సవరణ చేస్తున్నాను: రెండో స్థానం చేతికి చెడు నేర్పదన్నది నిజమే, కానీ కంటికి అందవలసిన ఒక హెచ్చరికను అది అడ్డుకుంటుంది. గాలిపటం గారు కంటి చదువు గురించి చెప్పినది ఇక్కడ నాకూ వర్తిస్తుంది.

కాబట్టి తర్వాతి మెట్టు మూడో స్థానం. గాలి నెమ్మదిగా ఉన్న రోజున మీకు అలవాటైన ఎత్తు కన్నా బాగా పైకి తీసుకెళ్లి, గాలికి ఎదురుగా తిప్పి స్టెబిలైజర్ ఆపండి. థ్రాటిల్‌ను పూర్తిగా తగ్గించి, ఎత్తు నిలపడానికి ఎలివేటర్‌ను కొద్దికొద్దిగా లాగుతూ రండి. తూలుడు ఎప్పుడు మొదలైందో, ముక్కు ఏ కోణంలో ఉందో చూడండి. ముక్కుగానీ రెక్కగానీ పడగానే ఎలివేటర్ లాగడం ఆపి మధ్యకు లేదా కాస్త ముందుకు తెచ్చి, థ్రాటిల్ ఇచ్చి, వేగం అందుకున్నాకే ఐలెరాన్‌తో రెక్కలు మట్టం చేయండి. అయిదారు సార్లు చేశాక, అదే ఎత్తులో రెండో స్థానంలో మళ్లీ చేసి, ఆ తూలుడు ఎంతవరకు కనిపించకుండా పోయిందో పోల్చి చూడండి.

దించేటప్పుడు కొద్దిపాటి థ్రాటిల్‌ను నేల దగ్గరి దాకా ఉంచి, ముక్కును మట్టానికి కాస్త కిందుగా పెట్టి రండి. చివరి అర మీటరులో మాత్రం ఎలివేటర్ లాగండి. స్టాల్ సాధన ఏ బ్యాటరీతో చేశారో రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఇంతకన్నా బరువైన బ్యాటరీ పెట్టిన రోజున ఆ రెక్క ఇంకా ఎక్కువ వేగం దగ్గరే పడిపోతుంది.